మూడు ఉమ్మడి ఆంధ్రలంత నేల, హైదరాబాద్‌లో సగం కూడా లేని జనం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లాంటివి మూడు పక్కపక్కన పరిస్తే ఎంతవుతుందో, ఆఫ్రికా నైరుతి మూలన ఉన్న నమీబియా దాదాపు అంత. లెక్కగా చెప్పాలంటే 8,25,000 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 2023 లెక్కల్లో 30 లక్షల 22 వేలమందే తేలారు. 2011 నాటికే గ్రేటర్ హైదరాబాద్‌లో అంతకు రెట్టింపు పైన ఉన్నారు. నమీబియాలో చదరపు కిలోమీటరుకు నలుగురు కూడా రారు. ఆఫ్రికాలోని స్వతంత్ర దేశాల్లో ఇంత పలచగా మనుషులున్నది ఇంకోటి లేదు.

ఎందుకిలా అంటే చటుక్కున వచ్చే జవాబు, "ఎడారి కదా!" యూట్యూబ్‌లో నమీబియా అని కొడితే కనిపించే వీడియోలన్నీ ఆ జవాబు దగ్గరే ఆగిపోతాయి. వాటిలో చూపించేవి అబద్ధాలేమీ కావు. ఎర్రటి ఇసుక కొండలు, ఇసుకలో కూరుకుపోయిన ఓడ, వజ్రాల కోసం పుట్టి ఆ వజ్రాలతోనే పోయిన ఊరు, రెండే రెండు ఆకులతో వెయ్యేళ్లు బతికే మొక్క, అన్నీ ఉన్నాయి. చిక్కేమిటంటే వాటికి నంబర్లు వేసి, తిరునాళ్లలో బొమ్మలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టి వదిలేస్తారు. తీగ లాగితే చాలావరకు ఒకే డొంక కదులుతుంది. ఇక ఖాళీ సంగతికొస్తే, ఎడారి అన్నది సగం జవాబే. మిగతా సగం మనుషులు చేసిన పని.

తీరం దగ్గరే ఎక్కువ ఎండు

అనంతపురం నుంచి మచిలీపట్నం వైపు బయల్దేరితే సముద్రం దగ్గరయ్యేకొద్దీ పచ్చదనం పెరుగుతుంది. మనకది ఎంత అలవాటంటే, సముద్రం ఒడ్డునే ఎడారి ఉందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. నమీబియాలో ఆ లెక్క తిరగబడుతుంది. దేశం మధ్యలో, ఎత్తయిన పీఠభూమి మీద ఉన్న రాజధాని విండ్‌హోక్‌లో ఏడాదికి సుమారు 360 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురానికి పడే 550 కన్నా అది తక్కువే, అయినా పడుతుంది. అక్కడి నుంచి పడమటికి దిగి అట్లాంటిక్ ఒడ్డున ఉన్న వాల్విస్ బే రేవు చేరితే ఏడాది మొత్తానికి 20 మిల్లీమీటర్లు కూడా దాటదు.

కారణం ఆ సముద్రమే. దక్షిణం నుంచి తీరం వెంబడి ఉత్తరానికి బెంగ్వెలా అనే చల్లటి ప్రవాహం సాగుతుంది. గాలులు పైనున్న నీటిని ఒడ్డు నుంచి అవతలికి తోసేస్తుంటే, ఆ ఖాళీలోకి అడుగునున్న ఇంకా చల్లటి నీరు పైకి వస్తుంది. చల్లటి నీటిని తాకిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కిందనే ఉండిపోతుంది. దాని మీద వేడి గాలి మూతలా కూర్చుంటుంది. గాలి పైకి లేవకపోతే వాన మేఘం కట్టదు. పోనీ తూర్పు నుంచి రావాలంటే, హిందూ మహాసముద్రం నుంచి బయల్దేరిన తేమ ఖండం అంతా దాటి ఇటు వచ్చేలోపే చాలావరకు కురిసి అయిపోతుంది. రెండు వైపులా తలుపులు మూసుకుపోయిన ఇల్లు ఈ నమీబ్ ఎడారి. ఇది ఇవాళ్టి సంగతి కాదు. అక్కడి నేల కనీసం 5 కోట్ల ఏళ్లుగా ఎండుగానే ఉందంటారు. ప్రపంచంలోని అతి పాత ఎడారుల్లో ఒకటిగా దాన్ని లెక్కేస్తారు. దేశం పేరు కూడా ఈ ఎడారి నుంచి వచ్చిందే.

వాన కాలేని ఆ తేమ పొగమంచు అవుతుంది. ఏడాదిలో వంద రోజులకు పైగా ఉదయాన్నే సముద్రం మీద నుంచి మంచు లేచి, ఎడారిలోకి పదుల కిలోమీటర్లు పాకుతుంది. అక్కడి ప్రాణుల్లో చాలావరకు దాన్ని నమ్ముకునే బతుకుతున్నాయి. ఒక జాతి నల్ల పురుగు తెల్లారేసరికి ఇసుక తిన్నె శిఖరానికి ఎక్కి, తల కిందికీ వీపు పైకీ పెట్టి, గాలికి ఎదురుగా శీర్షాసనం వేసినట్టు నిలబడుతుంది. వీపు మీద పేరుకున్న మంచు చుక్కలై జారి నోట్లోకి వస్తుంది. అదే దాని మంచినీళ్లు. వెల్విచియా అనే మొక్క సంగతి ఇంకా విచిత్రం. మొలిచినప్పుడు వచ్చిన రెండు ఆకులే దానికి జీవితాంతం. అవి మొదలు దగ్గర పెరుగుతూ, కొసల దగ్గర గాలికి చీలికలై ఎండుతూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరో చాపలు చించి కుప్ప పోసినట్టుంటుంది. అందమైన మొక్కేమీ కాదు. కానీ వెయ్యేళ్లు దాటినవి ఉన్నాయి. ఆ దేశపు రాజముద్రలో దానికి చోటిచ్చారు.

ఇక్కడ గమనించాల్సింది, భూమిని ఎండగట్టిన ఆ చల్లటి నీరే సముద్రాన్ని మాత్రం నింపింది. అడుగు నుంచి పైకొచ్చే నీటిలో పోషకాలు ఉంటాయి, వాటి మీద నాచు, నాచు మీద చేపలు, చేపల మీద సీల్‌లు. కేప్ క్రాస్ అనే చోట ఒడ్డున సీల్‌లు వేలకు వేలు పడుకుని ఉంటాయి, ఆ కంపు కిలోమీటర్ల దూరం కొడుతుందట. 1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ అక్కడ రాతి శిలువ పాతి వెళ్లాడు. దిగి చూశారు గానీ కాపురం పెట్టాలని అప్పట్లో యూరప్ వాళ్లెవరికీ అనిపించలేదు. ఉత్తరాన ఉన్న తీరాన్ని అస్థిపంజరాల తీరం అంటారు. తిమింగలాల ఎముకలు, వాటి పక్కనే ఓడల ఎముకలు. మంచులో దారి తెలియక ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికులు ఈతకొట్టి బయటపడినా, ఆ తర్వాత తాగడానికి చుక్క నీరు దొరకదు. 1909లో ఇంకాస్త దక్షిణాన నేలకు తగిలిన ఎడ్వర్డ్ బోలెన్ అనే జర్మన్ ఓడ ఇప్పుడు అలలకు నాలుగైదు వందల మీటర్ల దూరంలో, ఇసుక మధ్య ఉంది. ఓడ కదల్లేదు. ఎడారే సముద్రంలోకి నడిచింది.

ఒకే నది తెచ్చిన ఇసుకా, వజ్రాలూ

ఆ ఇసుక ఎక్కడిది? నమీబియాది కాదు. చాలావరకు దక్షిణ సరిహద్దులో పారే ఆరెంజ్ నది తెచ్చింది. లెసోతో కొండల్లో, దక్షిణాఫ్రికా లోపలి భాగాల్లో రాయిని అరగదీసి, రెండు వేల కిలోమీటర్లకు పైగా మోసుకొచ్చి అట్లాంటిక్‌లో పోస్తుంది. అలలు దాన్ని తీరం వెంట ఉత్తరానికి తోస్తాయి, గాలి ఒడ్డు మీదకి ఎత్తుతుంది. లక్షల ఏళ్లు ఇదే పని. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన నమీబ్ ఇసుక సముద్రం అలా తయారైంది. సోసస్‌ఫ్లే దగ్గర 300 మీటర్లు దాటిన తిన్నెలున్నాయి. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పట్టేకొద్దీ రంగు ఎరుపెక్కుతుంది కాబట్టి, సాధారణంగా తీరం దగ్గరి కొత్త తిన్నెలు పాలిపోయి, లోపలి పాతవి ఎర్రగా ఉంటాయి. పక్కనే డెడ్‌ఫ్లే. ఒకప్పుడు నది నీరు చేరిన ఆ తెల్లటి పల్లానికి తిన్నెలు అడ్డం పడ్డాయి, చెట్లు చచ్చిపోయాయి. అది జరిగి ఆరేడు వందల ఏళ్లయినా నల్లగా మాడిన మాన్లు అలాగే నిలబడి ఉన్నాయి. కుళ్లడానికి కూడా తడి కావాలి కదా.

ఇసుక వచ్చిన దారినే వజ్రాలూ వచ్చాయి. దక్షిణాఫ్రికా లోపల వజ్రాలున్న రాళ్లు అరిగి, ఆరెంజ్ నదిలో పడి, సముద్రంలో కలిసి, అలలతో ఉత్తరానికి కొట్టుకొచ్చి ఒడ్డున మేట వేశాయి. ఇంత దూరం దొర్లేసరికి పగులున్నవి దారిలోనే చితికిపోతాయి, గట్టివి మిగులుతాయి. నమీబియా తీరపు వజ్రాల్లో నూటికి తొంభైకి పైగా నగలకు పనికొచ్చేవే కావడానికి కారణం ఇదే. ఆ జల్లెడ పట్టింది నది.

1908లో లూడరిట్జ్ రేవు దగ్గర రైలు పట్టాల మీద ఇసుక తీసే పనిలో ఉన్న జకారియస్ లెవాలా అనే కూలీకి మెరిసే రాయి ఒకటి కనిపించింది. అంతకు ముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసినవాడు కాబట్టి అదేమిటో పోల్చుకున్నాడు. పై అధికారి ఆగస్ట్ స్టాఖ్‌కి ఇచ్చాడు. స్టాఖ్ ఉద్యోగం మానేసి తవ్వకాల హక్కులు కొని కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు ఏమీ దక్కలేదని చెబుతారు. కొద్దికాలానికే అక్కడ కోల్‌మాన్స్‌కోప్ అనే ఊరు లేచింది. నాట్యశాల, ఐసు ఫ్యాక్టరీ, ఆసుపత్రి, ఆ కాలానికే ఎక్స్‌రే యంత్రం. మింగేసిన వజ్రాల్ని పట్టుకోవడానికి కూడా దాన్ని వాడేవారని అంటారు. చుక్క నీరు లేని చోట రోజూ ఐసు గడ్డలు పంచిన ఊరది! 1928లో దక్షిణాన ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర ఇంకా పెద్ద నిధి బయటపడటంతో అందరూ అటు మళ్లారు. 1956కల్లా ఊరు ఖాళీ. ఇప్పుడా ఇళ్లలో నడుముల్లోతు ఇసుక. తలుపులు మూయబోతే పడవు, తీయబోతే రావు.

వజ్రాల కోసం జర్మన్లు 1908లోనే తీరం వెంట 26,000 చదరపు కిలోమీటర్లను నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించారు. మన ఖాళీ లెక్కలో ఇదొక ముఖ్యమైన పద్దు. ఎడారి వల్ల కాదు, కంపెనీల వల్ల మనుషులు అడుగుపెట్టని నేల. వందేళ్ల పాటు అది అలాగే ఉండిపోయి, 2008లో జాతీయ పార్కు అయింది. వజ్రాల వేట ఇప్పుడు సముద్రంలోకి మారింది. ప్రభుత్వం, డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీ సగం సగం వాటాతో నడిపే సంస్థ ఓడలు నూరు మీటర్లకు పైగా లోతున సముద్రపు అడుగును పీల్చి, కంకర వడకట్టి, వజ్రాలు తీస్తాయి. నమీబియా వజ్రాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఒడ్డు మీదవి కావు, నీటి అడుగువి.

ఆ నిషిద్ధ ప్రాంతంలోనే 2008లో మనకు సంబంధించిన సరుకొకటి బయటపడింది. అలల్ని కట్టతో ఆపి తీరం తవ్వుతుంటే ఒక ఓడ తేలింది. 1533లో లిస్బన్ నుంచి బయల్దేరి మాయమైన బోమ్ జీసస్ అనే పోర్చుగీసు ఓడే ఇదని నిపుణుల అంచనా. అందులో రెండు వేలకు పైగా బంగారు నాణేలు, వందకు పైగా ఏనుగు దంతాలు, జర్మనీలోని ఫుగ్గర్ వర్తకుల ముద్రతో టన్నుల కొద్దీ రాగి ముద్దలు ఉన్నాయి. ఓడ వెళ్తున్నది ఇండియాకు. ఆ రాగి మన పడమటి తీరంలో మిరియాలు కొనడానికి. దాదాపు 475 ఏళ్లు అదెవరి చేతికీ చిక్కలేదంటే, వజ్రాల కంపెనీ కాపలా ఒక్కందుకైనా మంచే చేసింది.

జనం ఎక్కడున్నారు?

దేశం మొత్తం పలచగా ఉందనుకుంటే పొరపాటు. ఉత్తరాన అంగోలా సరిహద్దు దగ్గరకు వెళ్తే ఊళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. జనాభాలో దాదాపు సగంమంది ఓవాంబోలు, వాళ్ల సొంత ప్రాంతం అదే. ఏటా అంగోలా కొండల్లో పడిన వాన అక్కడి పల్లపు మైదానంలోకి లోతులేని పాయలుగా పారుతుంది. వాటిని ఒషానాలు అంటారు. నీటితో పాటు చేపలూ వస్తాయి. వాన తగ్గాక గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి. అక్కడి ప్రధాన పంట మహంగు. పేరు కొత్తగా ఉంది గానీ అవి మన సజ్జలే. ఓవాంబోల ఇంట్లో రోజూ తినే సంకటి సజ్జ పిండితో చేసిందే.

దేశంలో ఉన్న కాస్త వాన ఇక్కడ పడుతుంది కాబట్టి జనం ఇక్కడున్నారు, అంతవరకు సరే. కానీ మధ్య పీఠభూమిలో, ముఖ్యంగా విండ్‌హోక్‌కు ఉత్తరాన, పశువులు మేపుకోవడానికి చక్కటి నేలలున్నాయి. అక్కడ మైళ్లకు మైళ్లు కంచె, కంచె వెనక ఒక్క ఇల్లు. వేల హెక్టార్ల ఫారాలు. వాన లెక్కతో దీన్ని వివరించలేం.

1890ల నాటికి ఆ నేలల్లో హెరెరో జాతివాళ్లు ఉండేవారు, దక్షిణాన నామా జాతివాళ్లు. హెరెరోలకు పశువే ఆస్తి, పశువే పరువు, పశువే పూజ. 1884లో జర్మనీ ఈ ప్రాంతాన్ని తనదని ప్రకటించుకుంది. 1897లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వచ్చి హెరెరోల మందల్ని తుడిచిపెట్టింది. జీవనం పోయిన మనుషులు అప్పుల్లో పడ్డారు, అప్పు కింద భూములు జర్మన్ సెట్లర్ల చేతికి పోయాయి. ఈ క్రమం మన పల్లెల్లో వడ్డీ వ్యాపారం తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1904 జనవరిలో సామ్యూల్ మహరెరో నాయకత్వంలో హెరెరోలు తిరగబడ్డారు.

జర్మనీ నుంచి జనరల్ లోథార్ ఫాన్ ట్రోథా దిగాడు. ఆగస్టులో వాటర్‌బర్గ్ కొండ దగ్గర, ఆడవాళ్లు, పిల్లలు, మందలతో సహా చేరిన హెరెరోలను మూడు వైపుల నుంచి ముట్టడించాడు. తప్పించుకునే దారి ఒమాహెకే ఇసుక నేలల వైపు మాత్రమే మిగిలింది. అటు వెళ్లారు. వెనక సైన్యం నీటి గుంటల దగ్గర కాపలా పెట్టింది. అక్టోబరు 2న ట్రోథా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు: జర్మన్ సరిహద్దుల్లో కనపడిన హెరెరో ఎవరైనా సరే, తుపాకీ ఉన్నా లేకపోయినా, కాల్చివేయబడతాడు. ఆ ఏడాది చివర్లో బెర్లిన్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది గానీ, బతికినవాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. లూడరిట్జ్ దగ్గరి షార్క్ ఐలండ్ శిబిరంలో చలికి, ఆకలికి, పనికి చచ్చినవాళ్లే ఎక్కువ. నామాలు కూడా తిరగబడ్డారు, వాళ్లకూ అదే గతి పట్టింది. 1908కల్లా హెరెరోల్లో సుమారు 80 శాతం, నామాల్లో సగం మంది పోయారన్నది చరిత్రకారులు ఎక్కువగా చెప్పే అంచనా. పుర్రెల్ని పరిశోధన పేరుతో జర్మనీకి పంపారు. వాటిలో కొన్ని వందేళ్ల తర్వాత, 2011 నుంచి విడతలుగా తిరిగొచ్చాయి.

కాబట్టి పీఠభూమి ఖాళీగా లేదు, ఖాళీ చేశారు. మనుషులు పోయాక భూమిని స్వాధీనం చేసుకుని, కొలతలు వేసి, సెట్లర్లకు అమ్మారు. ఆ ఫారాల హద్దులు చాలావరకు ఇవాళ్టికీ అవే. 2018 నాటి ప్రభుత్వ లెక్కల్లో కూడా ప్రైవేటు వ్యవసాయ భూమిలో దాదాపు 70 శాతం తెల్లవాళ్ల చేతుల్లోనే ఉంది. జనాభాలో వాళ్లు ఎంతోమంది లేరు. ఆదాయ అసమానతల్లో నమీబియా ప్రపంచంలో దక్షిణాఫ్రికా తర్వాతి స్థానంలో నిలవడం చూసి ఆశ్చర్యపోవాల్సిన పనేం లేదు.

2021లో జర్మనీ 1904-08 నాటి ఆ మారణకాండ జాతిహత్యేనని ఒప్పుకుంది, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. అయితే అది అభివృద్ధి సాయమట, నష్టపరిహారం కాదట. హెరెరో, నామా వారసుల్లో చాలామంది దీన్ని తిప్పికొట్టారు. మాతో కూర్చుని మాట్లాడకుండా రెండు ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం మాకెందుకన్నది వాళ్ల ప్రశ్న. సబబైన ప్రశ్నే అనిపిస్తుంది.

పశువుల జబ్బుకు గీసిన గీత

1897 నాటి ఆ పశువుల మహమ్మారిని ఆపడానికి జర్మన్లు దేశానికి అడ్డంగా ఒక గీత మీద పోలీసు చౌకీలు పెట్టారు. జబ్బు తగ్గింది, గీత మిగిలింది. దానికి దక్షిణాన సెట్లర్ల పాలన, ఉత్తరాన ఓవాంబోల ప్రాంతం. జర్మన్లు ఆ ఉత్తరాన్ని పెద్దగా ముట్టుకోలేదు. సారవంతమైన నేలా, బలమైన రాజ్యాలూ ఉన్నచోట యుద్ధం ఖర్చెక్కువ. అందుకే ఓవాంబోల సంఖ్య నిలిచింది. ఇవాళ్టి జనాభా పటం చూస్తే కనిపించే తేడాకు వాన ఎంత కారణమో ఈ గీతా అంతే కారణమని నా లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, దక్షిణాఫ్రికా వచ్చి జర్మన్లను వెళ్లగొట్టింది, తాను తిష్ట వేసింది. గీతను అలాగే వాడుకుంది. ఉత్తరాది మగవాళ్లను కాంట్రాక్టు మీద గనులకు, ఫారాలకు తీసుకెళ్లేవారు. భార్యాపిల్లల్ని వెంట తెచ్చుకోకూడదు, కాంట్రాక్టు అయిపోతే గీత దాటి వెనక్కి పోవాలి. 1971 చివర్లో ఆ కూలీలు పెద్ద సమ్మె చేశారు. అంతకు ముందే, 1960ల్లో, గీత మీద కంచె కూడా వచ్చింది. స్వతంత్రం వచ్చి 35 ఏళ్లు దాటినా ఆ కంచె ఉంది. కారణం ఇప్పుడు గాలికుంటు వ్యాధి. దక్షిణాది ఫారాల మాంసం యూరప్‌కు ఎగుమతి అవుతుంది, జబ్బు లేని ప్రాంతమన్న ముద్ర పోకూడదు. ఉత్తరాది రైతు తన ఎద్దును కంచె దాటించి అమ్ముకోలేడు. పశువైద్యం మాటలు నిజమే, కానీ కంచెకు ఏ వైపున ఎవరున్నారో చూస్తే చరిత్ర మాటలూ వినిపిస్తాయి.

పటం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, ఈశాన్యాన వేలు చాపినట్టున్న 450 కిలోమీటర్ల సన్నటి ముక్క సంగతి. 1890లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని జర్మనీ దాన్ని సంపాదించింది. జాంబెజీ నది చేరితే పడవల మీద హిందూ మహాసముద్రం దాకా పోవచ్చన్నది ఆశ. దారిలో విక్టోరియా జలపాతం ఉంది! అప్పటి జర్మన్ ఛాన్సలర్ కాప్రివి పేరు ఆ ముక్కకు పెట్టారు. 2013లో దాన్ని తీసేసి జాంబెజీ అని మార్చారు.

స్వతంత్రం కోసం 1966లో స్వాపో అనే విముక్తి సంస్థ సాయుధ పోరాటం మొదలుపెట్టింది. ఆ కథలో మన దేశానికీ చోటుంది. 1946లోనే భారత్ ఈ విషయాన్ని ఐక్యరాజ్య సమితిలో లేవనెత్తింది. 1986లో స్వాపో కార్యాలయానికి ఢిల్లీలో పూర్తి ఎంబసీ హోదా ఇచ్చింది. 1989లో ఎన్నికలు జరిపించడానికి సమితి పంపిన సైనిక దళానికి అధిపతి మన లెఫ్టినెంట్ జనరల్ ప్రేమ్ చంద్. 1990 మార్చి 21న జెండా ఎగిరింది, సామ్ నుజోమా తొలి అధ్యక్షుడయ్యారు. ప్రధాన రేవు వాల్విస్ బే మాత్రం ఇంకో నాలుగేళ్లు దక్షిణాఫ్రికా గుప్పిట్లోనే ఉండి 1994లో చేతికొచ్చింది. 2025 మార్చి నుంచి అధ్యక్ష పదవిలో నెటుంబో నాండి న్డైట్వా ఉన్నారు, ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు.

వాడిన నీళ్లే మళ్లీ కుళాయిలో

ఏడాది పొడుగునా పారే నది దేశం లోపల ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ సరిహద్దుల్లోనే. లోపలివి వాన పడిన నాలుగు రోజులు పరిగెత్తి ఇసుకలో ఇంకిపోతాయి. అలాంటి వాటిలో ఒకటైన కుయిసెబ్ వాగు మాత్రం పెద్ద పని చేస్తుంది. దానికి దక్షిణాన ఇసుక సముద్రం, ఉత్తరాన రాతి మైదానం. గాలి ఉత్తరానికి తోసిన ఇసుకను అప్పుడప్పుడు వచ్చే వరద ఊడ్చేస్తుంది. ఆ గీత దగ్గర తిన్నెలు ఆగిపోవడం ఉపగ్రహ చిత్రాల్లో కత్తితో కోసినట్టు కనిపిస్తుంది.

రాజధాని సంగతి ఆలోచించండి. విండ్‌హోక్‌కు దగ్గర్లో నది లేదు, సముద్రం దూరం, పైగా నగరం 1,600 మీటర్లకు పైన ఉంది. 1968లో గోరెంగాబ్ అనే చోట ఒక ప్లాంట్ కట్టి, నగరం మురుగు నీటిని శుద్ధి చేసి నేరుగా తాగునీటి పైపుల్లోకి వదలడం మొదలుపెట్టారు. నదిలో కలిపి మళ్లీ తోడుకోవడం కాదు, నేరుగా. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి నగరం అదే. 2002లో రోజుకు 2 కోట్ల 10 లక్షల లీటర్ల కొత్త ప్లాంట్ వచ్చింది. నగరం తాగే నీటిలో దాదాపు పావు వంతు అక్కడిదే. చేసే పద్ధతిలో మాయేమీ లేదు. ఫ్యాక్టరీల మురుగును ఇళ్ల మురుగుతో కలవనీయరు, అది మొదటి జాగ్రత్త. ఆ తర్వాత ఓజోన్, బొగ్గు, సన్నటి పొరలు, ఒకటి తప్పితే ఇంకోటి పట్టేలా వరసగా అడ్డుకట్టలు. చివర్లో బోర్లు, డ్యాముల నీటితో కలుపుతారు. యాభై ఏళ్లుగా తాగుతున్నారు. మనకైతే "ఛీ" అనిపించొచ్చు. అయితే మన నదుల్లోకి ఎగువ ఊళ్లు వదిలేదేమిటో ఒక్కసారి తల్చుకుంటే, విండ్‌హోక్ వాళ్లు కనీసం తెలిసి తాగుతున్నారు.

చీతాలు బయల్దేరిన చోటు

2022 సెప్టెంబర్ 17న మధ్యప్రదేశ్‌లోని కునోకు ఎనిమిది చీతాలు వచ్చినప్పుడు నమీబియా పేరు మన ఇళ్లలో మోగింది. మన దగ్గర అంతరించిపోయిందని 1952లో ప్రకటించిన జంతువు. చిరుతలొచ్చాయని చాలామంది అన్నారు గానీ, చిరుత వేరు, చీతా వేరు. చీతా చెట్టెక్కి మాటు వేసేది కాదు, బయల్లో పరిగెత్తి పట్టేది. దానికి చోటు కావాలి.

ప్రపంచంలో చీతాలు ఎక్కువగా ఉన్న దేశం నమీబియాయే. వింతేమిటంటే అక్కడ అవి ఎక్కువగా ఉన్నది జాతీయ పార్కుల్లో కాదు, ఫారాల్లో. పార్కుల్లో సింహాలు, హైనాలు ఉంటాయి, చీతా వేటాడింది లాక్కుంటాయి, పిల్లల్ని చంపుతాయి. ఫారాల్లో సింహాలను రైతులు ఎప్పుడో ఏరివేశారు, మైళ్ల కొద్దీ బయలు మిగిలింది. దూడల్ని పట్టుకుంటోందని రైతులు చీతాలనూ కాల్చేవారు. 1990లో అక్కడ మొదలైన చీతా సంరక్షణ సంస్థ దీనికి వెతికిన ఉపాయం తుపాకీ కాదు, కుక్క. అనటోలియా జాతి పెద్ద కాపలా కుక్కల్ని పిల్లలప్పటి నుంచీ మందతో పెంచుతారు. మందే దాని కుటుంబం. చీతా అసలు పోట్లాట పెట్టుకునే రకం కాదు, పెద్ద కుక్క మొరిగితే చాలు వెళ్లిపోతుంది. 1996లో వచ్చిన చట్టంతో పల్లె సంఘాలకు కూడా తమ ప్రాంతంలోని అడవి జంతువుల మీద, వాటి పర్యాటకం మీద వచ్చే ఆదాయంలో హక్కు దక్కింది. ఇప్పుడలాంటి సంఘాలు 86 ఉన్నాయి, దేశంలో దాదాపు ఐదో వంతు నేల వాటి కిందుంది. జంతువు బతికుంటే లాభమని రైతుకు తేలిన చోట కాపలా ఖర్చు తగ్గుతుంది.

కునో మీద వచ్చిన విమర్శా ఈ చోటు గురించే. కునో జాతీయ పార్కు 748 చదరపు కిలోమీటర్లు. నమీబియాలో చీతాల్ని ఏళ్ల తరబడి వెంబడించిన శాస్త్రవేత్తలు, అక్కడ మగ చీతాల స్థావరాలు ఒకదానికొకటి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటాయని, కునోలో అన్నిటికీ చోటు చాలదని 2023లో రాశారు. చీతాలు పార్కు దాటి పొలాల్లోకి రావడం మనం పేపర్లో చూశాం. మన దగ్గర పార్కు దాటితే ఊరు. అక్కడ ఫారం దాటితే ఇంకో ఫారం.

ఆ ఎనిమిది చీతాలను మన దేశానికి పంపే ముందు ఉంచి, పరీక్షలు చేసింది ఒట్జివరొంగో పట్టణం దగ్గరున్న ఆ చీతా సంరక్షణ సంస్థ కేంద్రంలోనే. అక్కడి నుంచి చూస్తే తూర్పున ఎర్రటి బల్లపరుపు కొండ కనిపిస్తుంది. అదే వాటర్‌బర్గ్. ఇప్పుడది పార్కు, ఖడ్గమృగాలను చూడ్డానికి టూరిస్టులు వెళ్తారు. కొండ కింద 1904లో చనిపోయిన జర్మన్ సైనికుల సమాధులు వరసగా, పేర్లతో సహా, శుభ్రంగా ఉన్నాయి. హెరెరోల కోసం అక్కడున్నది ఒక ఫలకం. అదీ చాలా ఏళ్ల తర్వాత పెట్టింది.